కిలోమీటరుకు ఇంత అని కట్టాలంటే కారు జాడ చెప్పాలా?

2025 ఏప్రిల్‌లో మన వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఒకే మెసేజ్ తిరిగింది. మే 1 నుంచి ఫాస్టాగ్ ఉండదు, ఉపగ్రహమే కారును కనిపెట్టి కిలోమీటర్ల లెక్కన డబ్బులు కట్ చేసుకుంటుంది అని. ఆ నెల గడవకముందే కేంద్ర రోడ్డు రవాణా శాఖ అలాంటి నిర్ణయమేదీ తీసుకోలేదని ప్రకటించింది. మెసేజ్ ఆగిపోయింది కానీ, ఆ నాలుగు రోజుల్లో జనం అడిగిన ప్రశ్నలు అలాగే మిగిలాయి. "తిరిగినంతకే కడితే మంచిదే కదా" అన్నవాళ్ళున్నారు. "నేను ఎక్కడికి వెళ్తే వాళ్ళకెందుకు" అన్నవాళ్ళున్నారు. "పొలానికి వెళ్ళొచ్చినా కట్ అవుతుందా" అని భయపడ్డవాళ్ళూ ఉన్నారు.

ఈ మూడూ వేర్వేరు ప్రశ్నలు. మొదటిది ధర గురించి, రెండోది నిఘా గురించి, మూడోది ఏ రోడ్డుకు లెక్క కడతారన్న దాని గురించి. వీటిని కలిపేసి మాట్లాడుకోవడం వల్లే ఈ చర్చ ఎప్పుడూ అరుపుల్లోకి దిగుతోంది. మన దగ్గరే కాదు, బ్రిటన్‌లో ఇరవై ఏళ్ళుగా ఇదే జరుగుతోంది.

గేటు దాటితే కట్టడం, తిరిగినంతకు కట్టడం

ముందు మనకు తెలిసిన టోల్ గేటు దగ్గర మొదలుపెడదాం. జాతీయ రహదారుల మీద టోల్‌ను 2008 నాటి ఫీజు నిబంధనల ప్రకారం వసూలు చేస్తున్నారు. అప్పట్లో కారుకు కిలోమీటరుకు 65 పైసలు అని మూల రేటు పెట్టి, ఏటా 3 శాతం, దానికి తోడు టోకు ధరల పెరుగుదలలో 40 శాతం పెంచుకుంటూ పోవాలన్నారు. అంటే కాగితం మీద ఇది ఎప్పటినుంచో కిలోమీటరు లెక్కే. కానీ వసూలు మాత్రం గేటు దగ్గర జరుగుతుంది. ఒక గేటు కింద ఎన్ని కిలోమీటర్ల రోడ్డు ఉందో అంతకూ కలిపి ఒకేసారి తీసుకుంటారు.

సులువైన లెక్క ఒకటి వేద్దాం. ఒక గేటు కింద 60 కిలోమీటర్ల రోడ్డు ఉంది, కారుకు 90 రూపాయలు అనుకోండి. కిలోమీటరుకు రూపాయిన్నర పడుతుంది. గేటుకు అటు ఆరు, ఇటు ఆరు కలిపి 12 కిలోమీటర్లు మాత్రమే వెళ్ళే మనిషి కూడా 90 కడతాడు. అతనికి కిలోమీటరుకు ఏడున్నర పడింది. అదే రోడ్డు మీద గేటు తగలకుండా 45 కిలోమీటర్లు వెళ్ళి పక్కకు దిగిపోయే మనిషి ఒక్క రూపాయి కట్టడు.

మా పెదనాన్నగారిది ఆ మొదటి మనిషి పరిస్థితి. ఇంటికి ఆరు కిలోమీటర్లలో గేటు, మండల కేంద్రం గేటుకు అవతల. ఆస్పత్రికైనా, ఎరువుల కొట్టుకైనా గేటు దాటాల్సిందే. 20 కిలోమీటర్ల లోపు ఉండే వాళ్ళకు నెలకు మూడొందల చిల్లరకు లోకల్ పాస్ ఇస్తారు. ఆయన తీసుకున్నారు కూడా. అయినా ఆయన ప్రతిసారీ అడిగేది ఒక్కటే: "ఈ రోడ్డు పడకముందు కూడా నేను ఇదే దారిలో వెళ్ళానురా, ఇప్పుడెందుకు కట్టాలి?" ఈ ప్రశ్నకు పాస్ జవాబు కాదు.

తిరిగినంతకే కట్టే పద్ధతి మనకు కొత్తేమీ కాదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లూ అలాగే నడుస్తోంది. ఏ ఇంటర్‌ఛేంజ్ దగ్గర ఎక్కామో, ఎక్కడ దిగామో చూసి లెక్క కడతారు. 2025 ఏప్రిల్‌లో కారుకు కిలోమీటరుకు 2 రూపాయల 44 పైసలు చేశారు. ఆ లెక్కన 40 కిలోమీటర్లు వెళ్తే దాదాపు 98 రూపాయలు. ఇక్కడ ఉపగ్రహం అవసరం రాలేదు. ఎందుకంటే ఔటర్‌కు చుట్టూ కంచె ఉంది, ఎక్కే దారులూ దిగే దారులూ లెక్కపెట్టినన్నే. విజయవాడ రోడ్డు అలా కాదు. చౌటుప్పల్ నుంచి నందిగామ దాకా ఎన్ని ఊళ్ళ దారులు వచ్చి కలుస్తాయో లెక్కే లేదు. ప్రతి దారికీ గేటు కట్టలేం కాబట్టే ఉపగ్రహం మాట వచ్చింది.

2024 సెప్టెంబర్‌లో కేంద్రం ఫీజు నిబంధనలను సవరించి ఈ పద్ధతికి దారి తెరిచింది. కారులో జీఎన్ఎస్ఎస్ పెట్టె, అంటే ఉపగ్రహాల సాయంతో తన స్థానం తెలుసుకునే పరికరం ఉంటే, జాతీయ రహదారి మీద రోజుకు ఒక్కోవైపు 20 కిలోమీటర్ల వరకు ఫీజు లేదు. నేషనల్ పర్మిట్ బండ్లకు, అంటే దేశమంతా సరుకు మోసే లారీల వంటి వాటికి ఈ వెసులుబాటు వర్తించదు. పెదనాన్నగారి లాంటి వాళ్ళకు ఇది నిజంగా మేలు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఇరవై దాటితే మొత్తం తిరిగిన దూరానికీ ఫీజు పడుతుందని నిబంధన. మన లెక్క ప్రకారం 20 కిలోమీటర్లకు సున్నా, 21 కిలోమీటర్లకు 31 రూపాయల 50 పైసలు. ఇప్పటిదాకా ఏమీ కట్టని ఆ 45 కిలోమీటర్ల మనిషికి 67 రూపాయల 50 పైసలు పడుతుంది. తిరిగినంతకే కట్టడం అంటే అందరికీ తగ్గడం కాదు. గేటు తప్పించుకునే దారులున్న వాళ్ళకు పెరుగుతుంది.

బ్రిటన్‌లో 18 లక్షల సంతకాలు

ఇక్కడ బ్రిటన్ కథ చెప్పుకోవాలి, ఎందుకంటే జనం స్పందన అంత స్పష్టంగా బయటపడ్డ చోటు ఇంకొకటి లేదు.

రోడ్డు వాడకానికి తగ్గ ధర పెట్టాలన్న ఆలోచన అక్కడ 1964 నాటి స్మీడ్ కమిటీ నివేదికలోనే ఉంది. 2003 ఫిబ్రవరి 17న లండన్ నడిబొడ్డులోకి వచ్చే బండ్లకు రోజుకు 5 పౌండ్ల చార్జీ మొదలైంది. 2005లో రవాణా మంత్రి అలిస్టర్ డార్లింగ్ ఇంకా పెద్ద ప్రతిపాదన తెచ్చారు. దేశమంతటా ప్రతి కారుకూ మైలు లెక్కన చార్జీ. ఖాళీ పల్లె రోడ్డు మీద మైలుకు 2 పెన్నీలు (వంద పెన్నీలు ఒక పౌండు), బాగా రద్దీగా ఉండే రోడ్డు మీద రద్దీ వేళ 1 పౌండు 34 పెన్నీల దాకా. రోడ్డును బట్టీ, వేళను బట్టీ ధర మారాలంటే కారు ఎప్పుడు ఎక్కడుందో తెలియాలి. అందుకే ప్రతి కారులో ఉపగ్రహ పెట్టె అన్నారు.

అప్పుడే ప్రధాని కార్యాలయం వెబ్‌సైట్‌లో ప్రజలు నేరుగా వినతులు పెట్టే సౌకర్యం కొత్తగా వచ్చింది. బండ్ల జాడ పట్టే ఈ పథకాన్ని రద్దు చేయాలని అందులో ఒక వినతి పడింది. 2007 ఫిబ్రవరిలో అది ముగిసేసరికి 18 లక్షలకు పైగా సంతకాలు. ప్రధాని టోనీ బ్లెయిర్ సంతకం చేసిన వాళ్ళకు ఈమెయిల్ రాసి, ఇది దొంగచాటు పన్ను కాదని, నిఘా కాదని నచ్చజెప్పాల్సి వచ్చింది. దేశవ్యాప్త పథకం మాత్రం ముందుకు సాగలేదు. అంతకు ముందు 2005లో ఎడిన్‌బరో ప్రజలు లండన్ లాంటి నగర చార్జీని ఓటు వేసి తోసిపుచ్చారు. 2008లో మాంచెస్టర్ వాళ్ళూ అదే చేశారు. రెండు చోట్లా ఇంచుమించు నాలుగింట మూడొంతుల మంది వద్దన్నారు.

ఆ కోపంలో రెండు ముక్కలున్నాయి. పెట్రోల్ మీద, కారు మీద ఇప్పటికే కడుతున్నాం, మళ్ళీ ఇదొకటా అన్నది ఒకటి. ప్రతి బండి వెంటా పడడం తప్పు అన్నది రెండోది. మొదటిదానికి బేరం ఉంటుంది. పాత పన్ను తగ్గిస్తాం అంటే కొందరైనా వింటారు. రెండోదానికి బేరం లేదు. మన జాడ తెలిసినందుకు రెండు పెన్నీలు తగ్గిస్తాం అంటే ఎవరూ శాంతించరు. ఆనాటి నాయకులు రెండింటికీ ఒకే జవాబు చెప్పడం వల్లే ఓడిపోయారని నా నమ్మకం.

స్టాక్‌హోమ్ వాళ్ళు వేరే దారి పట్టారు. 2006 జనవరి నుంచి జూలై దాకా ముందు ప్రయోగంగా నగర చార్జీ నడిపి, తర్వాత సెప్టెంబర్‌లో ఓటింగ్ పెట్టారు. మొదట్లో వ్యతిరేకించిన నగరమే రోడ్లు ఖాళీ అవడం కళ్ళారా చూసి సగం మించి ఒప్పుకుంది. 2007 ఆగస్టు నుంచి అది శాశ్వతం. అక్కడ ఉపగ్రహ పెట్టెలు లేవు. శాశ్వత పద్ధతిలో నగర సరిహద్దులో కెమెరాలే.

పెట్రోల్ కొనని బండి రోడ్డుకు ఏం కడుతుంది?

ఇంత ఓడిపోయిన ఆలోచన మళ్ళీ ఎందుకు లేచింది? ఎలక్ట్రిక్ కార్ల వల్ల.

పెట్రోల్ మీద పన్ను కూడా ఒక రకంగా కిలోమీటరు చార్జీయే. ఎక్కువ తిరిగితే ఎక్కువ కొంటాం, ఎక్కువ కడతాం. ఎవరూ మన జాడ అడగరు, బిల్లు పంపరు. బంకులో లీటరు ధరలో కలిసిపోయి ఉంటుంది కాబట్టి నొప్పి తెలియదు. ఎలక్ట్రిక్ కారు ఈ పన్ను కట్టదు. మన దగ్గరా ఇదే మొదలైంది. తెలంగాణలో పెట్రోల్ మీద వ్యాట్ 35.2 శాతం. ఎలక్ట్రిక్ బండ్లకేమో 2026 డిసెంబర్ 31 దాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు రెండూ మాఫీ చేశారు. కొనుగోళ్ళు పెరగడానికి అది మంచి పనే. కానీ రోడ్డు అరుగుదల మాత్రం ఏ బండికైనా ఉంటుంది.

2025 నవంబర్ 26న బ్రిటన్ ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ బడ్జెట్‌లో దీనికి తమ జవాబు చెప్పారు. 2028 ఏప్రిల్ నుంచి ఎలక్ట్రిక్ కారుకు మైలుకు 3 పెన్నీలు, చార్జింగ్‌తోనూ పెట్రోల్‌తోనూ నడిచే ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌కు ఒకటిన్నర పెన్నీ. ఏడాదికి 8,500 మైళ్ళు, అంటే దాదాపు 13,700 కిలోమీటర్లు తిరిగే ఎలక్ట్రిక్ కారుకు 255 పౌండ్లు. అదే దూరం లీటరుకు 14 కిలోమీటర్లిచ్చే పెట్రోల్ కారులో తిరిగితే ఇంచుమించు 980 లీటర్లు కావాలి. లీటరుకు అప్పటి 52.95 పెన్నీల పన్ను చొప్పున 510 పౌండ్లు దాటుతుంది. ఎలక్ట్రిక్ కారుకు దానిలో సగమే.

ఈసారి పెట్టె లేదు, ఉపగ్రహం లేదు. ఏడాదికి ఎంత తిరుగుతారో ముందే అంచనా చెప్పి కట్టాలి. ఏటా జరిగే ఫిట్‌నెస్ తనిఖీలో మీటర్ రీడింగ్ చూసి సరిచేస్తారు. 2007 నుంచి నేర్చుకున్న పాఠం ఇక్కడ కనిపిస్తుంది.

అయినా గొడవ ఆగలేదు. బస్సు రాని పల్లెల్లో ఉండేవాళ్ళు, తాము తిరగక తప్పదు కాబట్టి ఎక్కువ కట్టాల్సి వస్తుందంటున్నారు. ప్రభుత్వ మాట నమ్మి ఎలక్ట్రిక్ కొన్నవాళ్ళు, ఆట మధ్యలో నియమాలు మార్చారంటున్నారు. అటు పెట్రోల్ కార్ల వాళ్ళది ఇన్నాళ్ళూ మేమొక్కళ్ళమే కట్టామన్న మాట. ఈ చార్జీ వల్ల ఎలక్ట్రిక్ కార్ల అమ్మకాలు కొంత తగ్గుతాయని ఆ దేశపు బడ్జెట్ బాధ్యతల కార్యాలయం కూడా అంచనా వేసింది. నిఘా తీసేసినా ధర గొడవ మిగిలింది. అంటే 2007 కోపమంతా నిఘా గురించే అనుకుంటే పొరపాటు. అక్కడ స్థిరపడ్డ మన తెలుగువాళ్ళలో ఎలక్ట్రిక్ కార్లున్న వాళ్ళకూ ఈ లెక్క తప్పదు. అమెరికాలో ఉన్నవాళ్ళకు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సాస్‌లో 2023 సెప్టెంబర్ నుంచి ఎంత తిరిగినా ఏడాదికి 200 డాలర్లు.

మరి మీటర్ రీడింగ్ చాలదా?

ఇదే అసలు ముడి. ఎంత తిరిగామో కారు మీటరుకు తెలుసు. ఎక్కడ తిరిగామో దానికి తెలియదు. అన్ని రోడ్లకూ, అన్ని వేళలకూ ఒకే ధర అయితే మీటర్ చాలు. న్యూజిలాండ్ డీజిల్ బండ్లకు 1978 నుంచి ఇలాగే వసూలు చేస్తోంది. వెయ్యి కిలోమీటర్ల చొప్పున ముందుగా కొనుక్కుని అద్దానికి చీటీ అతికించుకోవడం అక్కడి పద్ధతిగా ఉంటూ వచ్చింది. 2024 ఏప్రిల్ నుంచి ఎలక్ట్రిక్ కార్లనూ అందులో చేర్చారు.

మీటరుకు మూడు చిక్కులున్నాయి. రద్దీ వేళకూ అర్ధరాత్రికీ తేడా తెలియదు కాబట్టి ట్రాఫిక్ తగ్గించడానికి పనికిరాదు. దేశం దాటి తిరిగిన దూరాన్ని విడదీయలేదు. బ్రిటన్ కిందే ఉన్న ఉత్తర ఐర్లాండ్‌లో ఇల్లుండి పనికోసం సరిహద్దు దాటే మనిషికి అవతలి దేశపు మైళ్ళకూ ఇక్కడే పడుతుంది. ఇక మీటర్ వెనక్కి తిప్పేవాళ్ళు ఉండనే ఉన్నారు. సెకండ్ హ్యాండ్ కారు కొన్న ఎవరికైనా ఈ భయం తెలుసు.

మన జాతీయ రహదారికి మీటర్ అసలే కుదరదు. మన టోల్ రోడ్డుది, బండిది కాదు. హైదరాబాద్ గల్లీల్లో తిరిగిన 30 కిలోమీటర్లకు టోల్ లేదు, విజయవాడ రోడ్డు మీద 30 కిలోమీటర్లకు ఉంది. తేడా తెలియాలంటే స్థానం తెలియాలి. అందుకే బ్రిటన్ తప్పించుకోగలిగిన ప్రశ్నను మనం తప్పించుకోలేం.

ఉపగ్రహం మనల్ని చూస్తుందా?

చూడదు. ఇది చాలామందికి ఉన్న అపోహ. ఉపగ్రహం సంకేతాలు పంపుతూ ఉంటుంది, అంతే. కారులోని పెట్టె నాలుగైదు ఉపగ్రహాల సంకేతాలు అందుకుని తన స్థానం తానే లెక్కకట్టుకుంటుంది. మన ఫోన్‌లో మ్యాప్ చేసే పనే ఇది. ఆ స్థానాన్ని సిమ్ ద్వారా సర్వర్‌కు పంపితేనే ఇంకొకరికి తెలుస్తుంది. కాబట్టి పెట్టె ఏం పంపుతుంది అన్నది అడగాలి.

ఒక రకం పెట్టె వెళ్ళిన దారంతా చుక్కలు చుక్కలుగా పంపేస్తుంది, లెక్క సర్వర్‌లో జరుగుతుంది. ఇంకో రకం పెట్టెలోనే రోడ్ల మ్యాపు ఉంటుంది. లెక్క తనలోనే వేసుకుని కట్టాల్సిన మొత్తం పంపుతుంది. జర్మనీ 2005 జనవరి 1న లారీలకు ఉపగ్రహ టోల్ మొదలుపెట్టినప్పుడు వాడింది రెండో రకమే. టోల్ కోసం సేకరించిన సమాచారాన్ని వేరే పనికి వాడకూడదని అక్కడ చట్టమే ఉంది.

రెండో రకం వినడానికి బాగుంటుంది కానీ, బిల్లు తప్పుగా వస్తే ఎలా నిరూపించుకోవాలి? సర్వీస్ రోడ్డు మీద వెళ్తుంటే పక్కనే ఉన్న హైవే మీద వెళ్ళినట్టు నమోదు కావచ్చు. మన రోడ్ల మీద ఆ రెంటికీ మధ్య పది అడుగులు కూడా ఉండని చోట్లున్నాయి. దారి వివరాలు దాచకపోతే వాదించడానికి ఆధారం ఉండదు, దాచితే జాడ మిగిలిపోతుంది. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం దీనికి తెలివైన దారి వెతికింది. 2015 జూలైలో అక్కడ స్వచ్ఛందంగా మైలు లెక్క పథకం మొదలైంది. జీపీఎస్ ఉన్న పరికరం కావాలా, లేనిది కావాలా అన్నది బండి యజమాని ఇష్టం. డబ్బు కట్టి, వివాదం ఉంటే అది కూడా తేలాక 30 రోజుల్లో జాడ వివరాలు చెరిపేయాలని చట్టంలో రాశారు.

నాన్న ఫోన్‌కు వచ్చే మెసేజ్

మా కారు ఫాస్టాగ్ నాన్న నంబరు మీద ఉంది. సంక్రాంతికి నేను హైదరాబాద్ నుంచి బయలుదేరితే పంతంగి టోల్ గేటు దాటగానే ఆయనకు మెసేజ్ వెళ్తుంది. తర్వాత కొర్లపహాడ్. చిల్లకల్లు మెసేజ్ రాగానే అమ్మ ఎసరు పెడుతుంది. ఇంటికెళ్ళేసరికి అన్నం వేడిగా ఉంటుంది. ఆ మూడు మెసేజ్‌లను మా ఇంట్లో ఎవరూ నిఘా అనుకోలేదు. అవి వాళ్ళ టెన్షన్ తగ్గించాయి.

అవే మూడు చుక్కలు ఇంకొకరి చేతిలో ఉంటే ఏ రోజు ఊళ్ళో లేనో, ఎన్ని రోజులకొకసారి వెళ్తానో తెలిసిపోతుంది. ఉపగ్రహ పెట్టెతో ఆ మూడు చుక్కలు మూడు వేలవుతాయి. ఏ ఆస్పత్రి ముందు ఆగాను, ఎవరింటి దగ్గర రాత్రి ఉన్నాను అన్నదీ అందులో ఉండొచ్చు. ఫోన్‌లో ఎలాగూ అన్నీ తెలుస్తున్నాయి కదా అనేవాళ్ళ మాటలో కొంత నిజముంది. కానీ ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్ళొచ్చు. టోల్ పెట్టెను ఇంట్లో పెట్టి వెళ్ళడం కుదరదు.

గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. అయితే దేశ భద్రత, శాంతిభద్రతల పేరుతో ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే అధికారం అదే చట్టం కేంద్రానికి ఇచ్చింది. వసూలు చేసేదీ, కాపలా ఉండాల్సిందీ ప్రభుత్వమే అయినప్పుడు ఈ మినహాయింపు చిన్న విషయం కాదు.

గేటు కర్ర లేచిపోతే

బెంగళూరు–మైసూరు రోడ్డు మీద, హర్యానాలో పానిపట్–హిస్సార్ రోడ్డు మీద ఉపగ్రహ పద్ధతిని ప్రయోగాత్మకంగా పరిశీలించారు. తర్వాత భద్రత, గోప్యతల దృష్ట్యా ఇంకా చర్చ జరగాలని నిపుణుల కమిటీ సూచించిందని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. ప్రస్తుతానికి మొగ్గు వేరే పద్ధతి వైపు ఉంది. రోడ్డు మీద అడ్డంగా కట్టిన ఇనుప ఫ్రేముకు కెమెరాలు, ఫాస్టాగ్ రీడర్లు ఉంటాయి. బండి ఆగకుండా వెళ్తుంటే నంబర్ ప్లేటు, ట్యాగ్ చదివి డబ్బు కట్ చేస్తాయి. గుజరాత్‌లోని చోర్యాసీ గేటు దగ్గర దీనికోసం 2025 ఆగస్టులో ఒప్పందం జరిగింది. అదే నెల 15 నుంచి సొంత కార్లకు 3,000 రూపాయల వార్షిక పాస్ కూడా వచ్చింది. ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది.

కెమెరా పద్ధతిలో జాడ ఇప్పటిలాగే చుక్కలుగానే ఉంటుంది, వెళ్ళిన దారంతా నమోదు కాదు. సంక్రాంతి ముందు పంతంగి దగ్గర బారులు తీరే బాధ తప్పుతుంది. కానీ తిరిగినంతకే కట్టడం మాత్రం ఇందులో లేదు. కర్ర లేకపోయినా అది గేటే. 12 కిలోమీటర్ల మనిషి 90 రూపాయలు కడుతూనే ఉంటాడు, 45 కిలోమీటర్ల మనిషి ఏమీ కట్టడు. ఆ 20 కిలోమీటర్ల వెసులుబాటు ఉపగ్రహ పెట్టెతోనే ముడిపడి ఉంది కాబట్టి, పెదనాన్నగారు ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు ఆగకుండా వెళ్తారు, నెల తిరిగేసరికి పాస్ మాత్రం మళ్ళీ చేయించుకుంటారు.